మాయాబజార్ నుంచి కృత్రిమ మేధ దాకా

సికింద్రాబాద్ స్టేషన్‌లో లింగంపల్లి ఎంఎంటీఎస్ ఎక్కితే దారిలో హైటెక్ సిటీ తగులుతుంది. మెడలో ఐడీ కార్డులు వేలాడే కుర్రకారు చాలామంది అక్కడే దిగిపోతారు. కంప్యూటరుకు మాటలు నేర్పడం, బొమ్మలు గీయించడం, మనిషి గొంతును అచ్చుగుద్దినట్టు పలికించడం ఆ చుట్టుపక్కల ఆఫీసుల్లో రోజువారీ పని. రైలు హఫీజ్‌పేట, చందానగర్ దాటి లింగంపల్లి చేరుతుంది. అక్కడ శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉంది. నారదుణ్ని మబ్బుల్లోంచి దించడం, బాణాలను గాల్లో ఢీకొట్టించి నిప్పులు రాల్చడం, రెప్పపాటులో రాజసభను అడవిగా మార్చడం ఆ కాలనీ కుటుంబాలకు తరతరాల విద్య.

ఈ రెండు చోట్లా జరిగేది ఒక రకంగా ఒకటే పని. లేనిదాన్ని ఉన్నట్టు చూపించడం. సురభి నాటకానికి వచ్చినవాడికి ఆ సంగతి ముందే తెలుసు, టికెట్టు కొని మరీ వచ్చి కూర్చుంటాడు. కంప్యూటరులో పుట్టిన మాయ మాత్రం చెప్పాపెట్టకుండా మన ఫోన్లోకి వచ్చి పడుతోంది. నాటకమూ కృత్రిమ మేధా కలిసే చోట కొన్నేళ్లుగా దేశదేశాల్లో జరుగుతున్న ప్రయోగాలను తెలుగువాళ్లు శ్రద్ధగా గమనించవలసింది ఇందుకే. యంత్రం చేసే మాయను దాచిపెట్టకుండా, అందరి కళ్లెదుట పరీక్షించే చోటు రంగస్థలం. ఆ పనిలో మనకు పాత అనుభవమే ఉంది.

బొమ్మలాట నుంచి ట్రిక్కు సీను దాకా

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు బృందం ‘కీచక వధ’ ఆడింది. ఆ ఊరి పేరే ఆ సమాజానికి ఇంటిపేరులా నిలిచిపోయింది. అంతకుముందు ఆ కుటుంబాల వృత్తి తోలుబొమ్మలాట. ఒక దీపం, ఒక తెల్లటి తెర, దాని మీద కదిలే రంగుల నీడలు. వెలుగు ఎక్కడ పెట్టాలి, చూసేవాడి కంటిని ఎటు తిప్పాలి అన్నది వాళ్లకు చిన్ననాటి నుంచీ అబ్బిన చదువు. బొమ్మలు వదిలి మనుషులే వేషం కట్టినప్పుడు ఆ చదువంతా స్టేజీ మీదికి వచ్చింది.

‘మాయాబజార్’లో అభిమన్యుడికీ ఘటోత్కచుడికీ జరిగే పోరునే తీసుకుందాం. చెరోవైపు నుంచి బాణాలు దూసుకొస్తాయి. మధ్యలో ఢీకొని భగ్గుమంటాయి. హాల్లో పిల్లలు కేరింతలు కొడతారు. ఆ ఒక్క మెరుపు వెనుక కంటికి ఆనని సన్నటి తీగలుంటాయి, కప్పీలుంటాయి, వింగుల్లో చెమటలు కక్కుతూ తాడు లాగే మనుషులుంటారు. పద్యం ఏ మాట దగ్గర ఆగుతుందో చెవిన వేసుకుని సరిగ్గా ఆ క్షణానే లైటు మార్చేవాడు ఒకడుంటాడు. వీళ్లలో ఏ ఒక్కరు అర క్షణం వెనకబడినా మాయ చెదిరిపోతుంది. పైన ఎగిరే నటుడి ప్రాణం కింద తాడు పట్టుకున్న అన్న చేతిలోనో బాబాయి చేతిలోనో ఉంటుంది. అందుకే సురభిలో నటన, మేకప్, తెర చిత్రాలు, ట్రిక్కులు వేర్వేరు శాఖలుగా విడిపోలేదు. ఇంట్లో పుట్టిన బిడ్డ అన్నీ చూస్తూనే పెరుగుతుంది.

సురభి వాళ్లు పాతనే పట్టుకు వేలాడారనుకుంటే పొరపాటు. 1990లలో ప్రసిద్ధ దర్శకుడు బి.వి. కారంత్ వాళ్లతో ‘భీష్మ’, ‘చండీప్రియ’ చేయించారు. జర్మన్ రచయిత బ్రెష్ట్ నాటకాన్ని తెలుగు బస్తీలోకి తెచ్చి ‘బస్తీ దేవత యాదమ్మ’గా ఆడించారు. సురభి బృందాల్లో ఒకటైన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ వచ్చింది. సురభి బాబ్జీ అంటేనే ఆయన ఎక్కువమందికి తెలుసు. 2022లో ఆయన కన్నుమూసేదాకా కొత్త ప్రేక్షకుణ్ని నాటకానికి రప్పించడం ఎలాగన్నదే ఆయన తపన.

లక్ష్మణ కుమారుడి పీట మీద

మాయాబజార్ కథ తెలియని తెలుగువాడు లేడు. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో పెళ్లిపీట మీద కూర్చుంటాడు. పైకి శశిరేఖ, లోపల రాక్షసుడు. 1957లో కె.వి. రెడ్డి తీసిన సినిమాలో సావిత్రి ఆ రెండింటినీ ఒకే ముఖంలో చూపించి మెప్పించారు. అదే సినిమాలో తెరిచినవాళ్లకు ఇష్టమైనవాళ్లను చూపించే ప్రియదర్శిని పేటిక ఉంది. ఇప్పుడు దాన్ని చూసే పిల్లలకు ల్యాప్‌టాప్‌లో వీడియో కాల్ గుర్తుకొస్తుంది.

మాయా శశిరేఖను చూసి ప్రేక్షకుడు ఎందుకు నవ్వుతాడు? గుట్టు అతనికి తెలుసు కాబట్టి. తెలియనిది పీట మీదున్న పెళ్లికొడుకు లక్ష్మణ కుమారుడికీ అతని పక్షంవాళ్లకూ. నాటకం ప్రేక్షకుణ్ని ఎప్పుడూ ఘటోత్కచుడి పక్షాన కూర్చోబెడుతుంది. ఎవరిదో ముఖం, ఎవరిదో గొంతు అతికించిన నకిలీ వీడియో మనల్ని తీసుకెళ్లి లక్ష్మణ కుమారుడి పక్కన కూర్చోబెడుతుంది. రెండూ మాయే అయినా, ఒకదానిలో మనం ఆడుతున్నాం, రెండోదానిలో మనల్ని ఆడిస్తున్నారు.

అద్దం, గంట, మరమనిషి

యంత్రానికి వేషం కట్టించి ఆనందించడం మనిషికి పాత సరదా. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే వేళకు జనం గుమిగూడేది దీని కోసమే. కలకత్తాకు చెందిన కుక్ అండ్ కెల్వీ కంపెనీ గడియారం అది. గంట గంటకూ లోపలి నుంచి గడ్డమున్న చిట్టి మనిషి బయటికొచ్చి, కొట్టవలసినన్ని దెబ్బలు కొట్టి లోపలికి వెళ్లిపోతాడు. టైము అందరి చేతి ఫోన్లోనూ ఉంది. అయినా పన్నెండు గంటలకు అక్కడ కుర్చీలు నిండిపోతాయి.

1862లో లండన్‌లోని రాయల్ పాలిటెక్నిక్‌లో జాన్ హెన్రీ పెప్పర్ వేదిక ముందు పెద్ద గాజు పలకను ఏటవాలుగా నిలబెట్టి, కింద దాక్కున్న నటుడి ప్రతిబింబాన్ని దెయ్యంలా చూపించాడు. గాజుకు బదులు పలచటి పారదర్శక పొర, నటుడికి బదులు ప్రొజెక్టర్ వచ్చాయి కానీ సూత్రం మారలేదు. 2014 లోక్‌సభ ఎన్నికల్లో ఒకే సమయంలో అనేక ఊళ్ల వేదికల మీద నరేంద్ర మోదీ రూపం ప్రత్యక్షమైంది ఈ పద్ధతిలోనే.

అసలు రోబో అనే మాటే నాటకంలో పుట్టింది. చెక్ రచయిత కారెల్ చాపెక్ ‘ఆర్.యు.ఆర్.’ అనే నాటకంలో, చాకిరీ కోసం తయారుచేసిన కృత్రిమ మనుషులకు ఆ పేరు పెట్టాడు. 1921లో ప్రాగ్‌లోని నేషనల్ థియేటర్ దాన్ని ఆడింది. 1950లో అలాన్ ట్యూరింగ్, యంత్రానికి ఆలోచన ఉందా లేదా అన్న ప్రశ్నను ఒక ఆటగా మార్చాడు. తెర అవతల ఉన్నది మనిషో యంత్రమో, కేవలం ప్రశ్నలూ జవాబులతో కనిపెట్టాలి. 1966లో ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ తయారుచేసిన మాటల ప్రోగ్రాంకు బెర్నార్డ్ షా నాటకం ‘పిగ్మేలియన్’లోని కథానాయిక పేరే పెట్టాడు: ఎలైజా. మనం టైపు చేసిన వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి ప్రశ్నగా వెనక్కి ఇవ్వడమే దాని పని. అయినా, అది తయారవుతుండగా రోజూ చూసిన ఆయన సెక్రటరీ ఒకరోజు దానితో కాసేపు మాట్లాడి, తాము ఏకాంతంగా మాట్లాడుకోవాలి, మీరు గది బయటికి వెళ్తారా అని ఆయన్నే అడిగిందట. వైజెన్‌బామ్ ఆ సంఘటనను చివరిదాకా మరచిపోలేదు. గుట్టు తెలిసినవాళ్లు కూడా మాయకు లొంగుతారని ఆయనకు అప్పుడు అర్థమైంది.

చెవిలో చెప్పే యంత్రం

చాపెక్ నాటకానికి నూరేళ్లు నిండిన సందర్భంగా ప్రాగ్‌లోనే మరో ప్రయోగం జరిగింది. చార్లెస్ యూనివర్సిటీ పరిశోధకులు, ష్వాండా థియేటర్ కలిసి కంప్యూటరు చేత నాటకం రాయించి 2021 ఫిబ్రవరిలో ఆన్‌లైన్‌లో ప్రదర్శించారు. కథానాయకుడు ఒక రోబో. మాటల్లో దాదాపు తొంభై శాతం యంత్రానివి, మిగతావి మనుషులు దిద్దినవి.

ఇలా రాసే యంత్రం వెనక ఉండేది భాషా నమూనా. అది పనిచేసే తీరు చెప్పుకోవడానికి తేలికే. అంతులేనంత పాఠ్యం చదివించి, ఫలానా మాటల తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో లెక్కగట్టడం నేర్పుతారు. అలా ఒక్కొక్క మాట ముక్కే పేర్చుకుంటూ అది వాక్యాలు అల్లుతుంది. ప్రాగ్‌లో వాడిన జీపీటీ-2 అనే నమూనాకు ఒకేసారి గుర్తుండేవి వెయ్యి పైచిలుకు ముక్కలు మాత్రమే. అందుకే సీను కాస్త పొడవైతే పాత్రలు ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి, చెప్పిందే చెప్పేవి. ఏ మాట ఉంచాలి, ఏది తీసేయాలి, ఎక్కడ ఆపాలి అన్నది మనుషులు నిర్ణయించవలసి వచ్చింది. మరో సంగతి తెలుగువాళ్లు గమనించాలి. ఆ నమూనాకు చెక్ భాష సరిగా రాదు. అందుచేత నాటకం ముందు ఇంగ్లిష్‌లో పుట్టి, తర్వాత యంత్రానువాదంతో చెక్‌లోకి వచ్చింది.

2022లో కృత్రిమ మేధ సంస్థ డీప్‌మైండ్ పరిశోధకులు డ్రమట్రాన్ అనే ప్రోగ్రాంతో ఈ మతిమరుపుకు ఒక దారి వెతికారు. ముందు కథాసారం ఒక్క వాక్యంలో, తర్వాత పాత్రలు, ఆపైన సీన్ల క్రమం, స్థలాలు, చివరికి సంభాషణలు. ఇలా అంచెలంచెలుగా రాయిస్తే కథ తెగిపోకుండా నడుస్తుందని వాళ్ల ఆలోచన. పదిహేనుమంది నాటక, సినిమా రంగాలవారు దానితో కలిసి రాసి చూశారు. అలా తయారైన కొన్ని నాటకాలను కెనడాలో ఎడ్మంటన్ ఫ్రింజ్ ఉత్సవంలో నటులు ఆడారు.

ఆ పరిశోధకుల్లో ఇద్దరు, పియోత్ర్ మిరోవ్‌స్కీ, కోరీ మాథ్యూసన్, అప్పటికప్పుడు అల్లి ఆడే నాటకాలవాళ్లు కూడా. వాళ్ల ఇంప్రొబాటిక్స్ బృందంలో ఒక నటుడి చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటుంది. అతను ఏం పలకాలో యంత్రమే ఆ క్షణాన అందిస్తుంది. మన పాత నాటకాల్లో వింగులోంచి అందించే ప్రాంప్టర్‌కు స్క్రిప్టు తెలుసు. ఈ యంత్రానికి స్క్రిప్టే లేదు. అది సంబంధం లేని మాట అన్నా, నటుడు ఆ మాటకు సరిపడే ముఖం పెట్టాలి, కోపమో ప్రేమో తెచ్చుకోవాలి. పక్కనున్న నటులు దాన్ని అందుకుని కథలో కలిపేయాలి. యంత్రం చెప్పినట్టు పలుకుతున్నది ఎవరో కనిపెట్టండని ప్రేక్షకులను అడిగిన ప్రదర్శనలూ ఉన్నాయి. ట్యూరింగ్ కాగితం మీద ఊహించిన ఆట అలా స్టేజీ ఎక్కింది.

మాటతోనే కాదు, ఒంటితోనూ ఈ జోడీ కుదిరింది. 2016లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ, ఇంటెల్, ఇమాజినేరియం స్టూడియోస్ కలిసి ‘ది టెంపెస్ట్’ ఆడినప్పుడు ఏరియల్ అనే గాలి దేవత పాత్రధారి మార్క్ క్వార్ట్‌లీ ఒంటినిండా సెన్సర్లున్న దుస్తులు వేసుకున్నాడు. అతను చెయ్యెత్తితే పైన తేలే వెలుగు రూపం చెయ్యెత్తేది. మన నారదుడికి ఊతమిచ్చింది ఇనుప తీగ, ఏరియల్‌కు సెన్సర్ల డేటా. రెండుచోట్లా నటుడు చెమటోడ్చవలసిందే.

కేతిగాడికి పోటీ రావాలంటే

అప్పటికప్పుడు అల్లడంలో తెలుగువాళ్ల పనితనం తక్కువది కాదు. తోలుబొమ్మలాటలో రామాయణం గంభీరంగా నడుస్తుండగా కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు అనే హాస్య పాత్రలు దూరిపోతాయి. ఆ ఊరి కరణం మీదో, ఆ ఏటి కరువు మీదో, ముందు వరసలో కునుకు తీస్తున్న పెద్దమనిషి మీదో చెణుకులు విసురుతాయి. ఊరు మారితే మాట మారిపోతుంది. సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో ఈ కళ ఇప్పటికీ బతికే ఉంది. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

అవధానం ఇంకో మెట్టు పైన ఉంటుంది. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది అంటూ ఎనిమిది వైపుల నుంచి ప్రశ్నలు పడుతుంటాయి. అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు కొంటె ప్రశ్నలతో దృష్టి మళ్లిస్తుంటాడు. అన్నిటినీ తట్టుకుని చివర్లో పద్యాలన్నీ ధారణ చేయాలి. ఆ అవధానాలతో పేరు పొందిన తిరుపతి వేంకట కవులే పాండవోద్యోగ విజయాలు రాసి పద్యనాటకాన్ని పల్లెపల్లెకూ చేర్చారు. అప్పటికప్పుడు మాట పుట్టించే నేర్పు, నాటకం రాసే నేర్పు మన దగ్గర ఒకే ఇంట్లో పెరిగాయి.

ఇక యంత్రం తెలుగు ఎంతవరకు వచ్చింది? మొదటి చిక్కు అక్షరం దగ్గరే ఉంది. ‘స్త్రీ’ అన్నది మనకు ఒక్క అక్షరం. కంప్యూటరు లోపల అది ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8 పద్ధతిలో పద్దెనిమిది బైట్లు. ఒక ఇంగ్లిష్ అక్షరానికి ఒక్క బైటు చాలు. ప్రధానంగా ఇంగ్లిష్‌ను దృష్టిలో పెట్టుకుని తయారైన నమూనాలు తెలుగు మాటను చిన్నాచితకా ముక్కలుగా విరగ్గొట్టుకుంటాయి. అంటే అదే కథకు ఎక్కువ ముక్కలు ఖర్చవుతాయి, గుర్తుంచుకోగలిగేది తగ్గిపోతుంది. రెండో చిక్కు చదివించడానికి సరుకు లేకపోవడం. తెలుగు నాటకాల్లో చాలా భాగం ఇంటర్నెట్ ఎక్కనే లేదు. ఎక్కినవి కూడా స్కాన్ చేసిన బొమ్మలుగానే ఉండిపోయాయి. మాట్లాడే తెలుగు, యాసలు, ఎత్తిపొడుపులు, సామెతలు యంత్రానికి తగిన మోతాదులో అందలేదు. దాని తెలుగు పాఠ్యపుస్తకంలా వినిపించడానికి ఇదొక కారణం.

ఈ లోటు తీర్చే ప్రయత్నాలు ఇక్కడే జరుగుతున్నాయి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ ‘చందమామ కథలు’ పేరుతో తెలుగు కథలు చెప్పే చిన్న భాషా నమూనాను తయారుచేసింది. దాని కోసం 2023లో ఇంజినీరింగ్ కాలేజీల విద్యార్థులు వేల సంఖ్యలో కూర్చుని పాత తెలుగు కథల పేజీలను కంప్యూటరుకెక్కించారు, తప్పులు దిద్దారు. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో తెలుగు మాట మీద, అనువాదం మీద ఏళ్ల తరబడి పరిశోధన సాగుతోంది. గణాలు, యతి, ప్రాస సరిచూసే ‘ఛందం’ అనే సాఫ్ట్‌వేర్‌ను పద్యం రాసేవాళ్లు ఇప్పటికే వాడుతున్నారు. అది ఊహించి చెప్పే ప్రోగ్రాం కాదు, నియమాల ప్రకారం లెక్కగట్టేది. ఊహించి రాసే యంత్రం పద్యం అల్లితే నియమాలు తెలిసిన ఈ ప్రోగ్రాం తప్పు పట్టుకుంటుంది, హార్మోనియం ముందు కూర్చున్న నటుడు రాగం ఎక్కడ లాగాలో తేల్చుకుంటాడు. ముగ్గురూ కలిసి ఆడగల ఆట ఇది. పద్యనాటక పరిషత్తుల్లో యువకుల విభాగానికి చక్కగా సరిపోతుంది.

చేతికి అందే సామాను

ఇదంతా పెద్ద కంపెనీలకే సాధ్యమనుకోనక్కర్లేదు. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో పుట్టిన మేకీ మేకీ అరచేతిలో పట్టే బోర్డు. దాని క్లిప్పు తీగను అరటిపండుకు తగిలిస్తే ఆ పండు కీబోర్డు మీట అవుతుంది, ముట్టుకుంటే కంప్యూటరు పాడుతుంది. 2007లో వచ్చిన స్క్రాచ్‌తో పిల్లలు రంగుల దిమ్మెలు పేర్చి ప్రోగ్రాం రాస్తారు. 2017లో గూగుల్ విడుదల చేసిన టీచబుల్ మెషీన్‌లో వెబ్‌క్యామ్ ముందు చేతులు రకరకాలుగా పెట్టి చూపిస్తే చాలు, ఆ భంగిమలను గుర్తుపట్టడం కంప్యూటరు నేర్చుకుంటుంది.

వీటిని ఒకచోట చేర్చి, సికింద్రాబాద్ హరిహర కళాభవన్‌లో జరిగే స్కూలు వార్షికోత్సవాల్లాంటి వేదిక మీద పెడితే ఎలా ఉంటుందో ఊహించవచ్చు. ఎనిమిదో తరగతి పిల్ల విల్లు ఎక్కుపెట్టినట్టు చెయ్యి లాగుతుంది. కంప్యూటరు ఆ భంగిమను పోల్చుకుని వెనక తెర మీద బాణం వదులుతుంది. ఒక్కోసారి పోల్చుకోదు. అప్పుడు ఆ పిల్ల అక్కడికక్కడే ఏదో ఒకటి అని సీను నిలబెట్టాలి. యంత్రం ఎప్పుడు తడబడుతుందో, ఎందుకు తడబడుతుందో, ఎన్ని చేతులు చూపిస్తే సరిగా నేర్చుకుంటుందో ఆ రిహార్సల్స్‌లో ఆమెకు తెలిసిపోతుంది. వీడియోల్లో ఏది నిజమో ఏది నకిలీయో రేపు తేల్చుకోవలసింది ఆ పిల్లే.

గొంతు ఎవరిది?

ఆటకు కట్టుబాట్లు ఉండాలి. 2023లో వచ్చిన ‘కీడా కోలా’ సినిమాలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును కృత్రిమ మేధతో తిరిగి పలికించారు. కుటుంబాన్ని అడగకుండా అలా చేశారంటూ ఆయన కుమారుడు ఎస్పీ చరణ్ చిత్ర బృందానికి లీగల్ నోటీసు పంపారు. చనిపోయిన గాయకుడి గొంతు మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న అలా తెలుగువాళ్ల ఇంటికే వచ్చింది. రంగస్థల నటులకు ఈ ప్రశ్న ఇంకా పదునైనది. సినిమావాళ్లకు ఒప్పంద పత్రాలైనా ఉంటాయి. ఊరూరా పద్యం పాడి పొట్ట పోసుకున్న నటుల గొంతులు మాత్రం యూట్యూబ్‌లో ఎవరికి పడితే వాళ్లకు దొరుకుతున్నాయి.

సురభి విద్యకూ ఇదే వర్తిస్తుంది. తీగ ఎంత మందం, ఏ బరువుకు ఏ కప్పీ, తెర ఎన్ని మడతల్లో దాచాలి అన్నవి పుస్తకాల్లో లేవు, చేతుల్లో ఉన్నాయి. వాటిని త్రీడీ కెమెరాలతో, సెన్సర్లతో నమోదు చేయడం ఇప్పుడు కష్టం కాదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో నాటక విభాగం ఉంది, తెలుగు విశ్వవిద్యాలయం ఉంది, కొద్ది కిలోమీటర్ల దూరంలో కంప్యూటరు పరిశోధకులున్నారు. ఆ కుటుంబాల పెద్దలను గురువులుగా పిలిచి, వాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, జీతమో రాయల్టీయో ఇచ్చి ఈ పని మొదలుపెట్టాలి. వాళ్ల విద్యను ఉచితంగా తోడుకుని యంత్రంలో పోయడం దోపిడీయే అవుతుంది.

ప్రేక్షకుడికీ ఒక హక్కుంది. యంత్రంతో కలిసి ఆడే ఏ నాటకానికైనా, తెర లేవకముందు మైకులో మూడు సంగతులు చెప్పాలి. ఈ సాయంత్రం వినబోయే మాటల్లో రచయితవి ఏవి, యంత్రం అల్లినవి ఏవి, వినిపించే గొంతు ఎవరి అనుమతితో వాడుతున్నారు. నాటక పరిషత్తుల దరఖాస్తు ఫారంలో రచయిత, దర్శకుడు, సంగీతం అనే గళ్ల కింద ఈ వివరాలకు మరో గడి చేర్చడం వచ్చే పోటీల నాటికే చేయగలిగిన పని.